పుస్తకాల షాపును ఇన్నాళ్లూ మోసిందెవరు?

2007 అక్టోబరులో మహబూబ్‌నగర్ నుంచి ఒక పాఠకుడు ఇంటర్నెట్‌లో ఒక పుస్తకానికి ఆర్డరు పెట్టాడు. జాన్ వుడ్ రాసిన ‘లీవింగ్ మైక్రోసాఫ్ట్ టు చేంజ్ ది వరల్డ్’ అది. మైక్రోసాఫ్ట్‌లో పెద్ద ఉద్యోగం వదిలేసి, నేపాల్ పల్లెల్లో బడులకు లైబ్రరీలు ఏర్పాటు చేయడానికి పూనుకున్న మనిషి తన కథ తానే చెప్పుకున్న పుస్తకం. ఆర్డరు అందుకున్నది బెంగళూరులో అప్పుడే పుట్టిన ఫ్లిప్‌కార్ట్. ఆ సంస్థకు అదే మొట్టమొదటి ఆర్డరు. ఆ సంస్థను స్థాపించిన సచిన్ బన్సల్, బిన్నీ బన్సల్‌ల దగ్గర అప్పటికి గోడౌనూ లేదు, ఆ పుస్తకమూ లేదు. బెంగళూరు పుస్తకాల షాపులు గాలించి, దొరికిన కాపీని కొని, కట్ట కట్టి మహబూబ్‌నగర్‌కు పంపారు.

జిల్లా కేంద్రంలో ఉంటున్నా కావలసిన పుస్తకం ఊళ్లో దొరకని పాఠకుడు ఒక చివర. ఎవరో ఒకరు అడగకపోరని ముందే తెప్పించి అరలో పెట్టుకున్న షాపువాడు ఇంకో చివర. మన దేశంలో ఇవాళ ఇంత పెద్దదైన ఫ్లిప్‌కార్ట్ వ్యాపారానికి తొలి అమ్మకం ఈ ఇద్దరి పుణ్యమే. ఆ తర్వాత పదేళ్లు తిరిగేసరికి పాఠకుడి గుమ్మంలోకే పుస్తకాలు రావడం మొదలైంది. షాపువాడు మాత్రం ఒక్కో ఊళ్లోనూ కనబడకుండా పోయాడు.

పెద్ద నగరాల జాబితా అందరికీ తెలిసిందే. ముంబైలో టి.ఎన్. శానభాగ్ 1948లో మొదలుపెట్టిన స్ట్రాండ్ బుక్ స్టాల్ 2018లో తలుపులు వేసింది. ఆయన బంధువే బెంగళూరు చర్చి స్ట్రీట్‌లో నడిపిన ప్రీమియర్ బుక్ షాప్ అంతకుముందే, 2009లో మూతపడింది. 1987లో చెన్నై నుంగంబాక్కంలో పుట్టి హైదరాబాదు దాకా విస్తరించిన ల్యాండ్‌మార్క్ షాపులు ఇప్పుడు లేవు. అమెరికాలో బోర్డర్స్ సంస్థ 2011లో దివాలా తీసి, మిగిలిన నాలుగు వందల దాకా షాపులను ఒక్కసారే మూసేసింది. వీటిలో చాలావాటికి కారణం అడిగితే ఆన్‌లైన్ డిస్కౌంటు, నగరాల్లో అద్దెలు, సెల్‌ఫోను అని జవాబు వస్తుంది. ఆ జవాబు చాలావరకు నిజం.

తెలుగు పుస్తకాల షాపును కూడా ఈ జాబితాలోనే చేర్చేస్తే అసలు సంగతి తప్పిపోతుంది. తెలుగు నవల అమెజాన్‌లో దొరకడం మొదలయ్యేనాటికే మన ఊళ్లలో సగం కొట్లు పలచబడ్డాయి. మన పుస్తకాల కొట్టు కేవలం పాఠకుడి జేబు మీద ఆధారపడి బతికిన రోజులు చాలా తక్కువ. ఒకసారి తలనొప్పి మందు దాన్ని మోసింది. ఒకసారి బడి పుస్తకం, ఒకసారి లైబ్రరీ, ఒకసారి పార్టీ, ఒకసారి అద్దెకు తీసుకెళ్లే గృహిణి. మోసినవాళ్లు ఒక్కొక్కరే పక్కకు తప్పుకున్నారు. ఇది ఆ కథ.

మద్రాసులో మొదలు

తెలుగు పుస్తకానికి తొలి పెద్ద బజారు తెలుగునేల మీద వెలవలేదు, మద్రాసులో వెలిసింది. 1854లో వావిళ్ల రామస్వామి శాస్త్రులు అక్కడ ముద్రణాలయం పెట్టారు. తాటాకుల్లో ఉన్న కావ్యాలను, శాస్త్రాలను పరిష్కరించి, తప్పుల్లేకుండా అచ్చువేసి అమ్మడం ఆ ఇంటి వృత్తి అయింది. ఆయన కొడుకు వెంకటేశ్వర శాస్త్రులు దాన్ని ఇంకా పెంచారు. సంస్కృతం చదివే పండితుడికీ, పురాణం చెప్పే శాస్త్రికీ, కళాశాల విద్యార్థికీ ‘వావిళ్ల ప్రతి’ అంటే ఒక భరోసా.

ఆ వ్యాపారంలో ధైర్యం కూడా ఉండేది. తంజావూరు ఆస్థానంలో 18వ శతాబ్దపు కవయిత్రి ముద్దుపళని రాసిన ‘రాధికా సాంత్వనం’ను బెంగళూరు నాగరత్నమ్మ పరిష్కరించగా 1910లో వావిళ్లవారు అచ్చువేశారు. అశ్లీలమని ఫిర్యాదులు వెళ్లాయి. ప్రభుత్వం నిషేధించింది, పోలీసులు ప్రతులు పట్టుకుపోయారు. ప్రచురణకర్త కోర్టుల చుట్టూ, అర్జీల చుట్టూ తిరిగారు. టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రధానిగా ఉన్న కాలంలో నిషేధం తొలగింది. 1952లో వావిళ్లవారే దాన్ని మళ్లీ వేశారు. నలభై ఏళ్లపాటు ఒక పుస్తకం తరఫున నిలబడ్డ ప్రచురణ సంస్థను తెలుగువాళ్లు ఇంకా గట్టిగా గుర్తుపెట్టుకోవాలి.

కాశీనాథుని నాగేశ్వరరావుది ఇంకో రకం కథ. 1893లో బొంబాయిలో ఆయన మొదలుపెట్టిన అమృతాంజనం డబ్బు తెచ్చింది. ఆ డబ్బు ఆంధ్రపత్రికకు వెళ్లింది. 1914లో పత్రిక మద్రాసుకు మారి దినపత్రిక అయింది. తర్వాత ఆంధ్రగ్రంథమాల పేరుతో పాత కావ్యాలూ కొత్త రచనలూ తక్కువ ధరకు బయటికొచ్చాయి. ఆ పుస్తకాల ఖర్చును కొన్నవాళ్లు కొంత భరిస్తే, తలనొప్పికి మందు రాసుకున్నవాళ్లు మిగతాది భరించారు. నాగేశ్వరరావును దేశోద్ధారకుడని పిలిచారు గానీ, పుస్తకం తన కాళ్ల మీద తాను నిలబడే ఏర్పాటు ఆయన తర్వాత ఎవరూ చేయలేదు.

మద్రాసులో పాత పుస్తకాలకు సెంట్రల్ స్టేషన్ పక్కనే మూర్ మార్కెట్ ఉండేది. 1900లో తెరుచుకున్న ఆ ఎర్ర భవనం 1985 మేలో కాలిపోయింది. అప్పటికే తెలుగు ప్రచురణలు చాలావరకు విజయవాడకు, హైదరాబాదుకు తరలిపోయాయి.

చందాదారులు, పడవలు

1906లో హైదరాబాదులో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి పుట్టింది. కొమర్రాజు లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, రావిచెట్టు రంగారావు దాని వెనకున్న మనుషులు. గాడిచర్ల రాసిన అబ్రహాం లింకన్ జీవితచరిత్ర వాళ్ల తొలి పుస్తకం. చరిత్ర, విజ్ఞానశాస్త్రం, ఆర్థికశాస్త్రం తెలుగులో రావాలన్నది వాళ్ల పట్టుదల. పుస్తకం అచ్చయ్యాక కొనేవాణ్ని వెతుక్కోకుండా, ముందే శాశ్వత చందాదారుల్ని చేర్చుకుని వాళ్లకు తగ్గింపు ధరకు పంపేవారు. షాపు లేని ఊరికి కూడా పోస్టుమాన్ పుస్తకం మోసుకెళ్లాడు.

కొనలేనివాడి సంగతి లైబ్రరీ ఉద్యమం చూసుకుంది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయం మొదలయ్యాయి. అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో 1914లో బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ జరిగింది. చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షత వహించారు. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువ మీద పెదవడ్లపూడి, కొల్లిపర మధ్య పడవలో లైబ్రరీ నడిపించారు. కాలువ గట్టు మీద ఉన్న ఊరివాళ్లు రేవు దగ్గరకొచ్చి పుస్తకం తీసుకుని, చదివి, పడవ మళ్లీ వచ్చినప్పుడు తిరిగిచ్చేవారు. వేటపాలెం సారస్వత నికేతనం భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. తెలుగువాళ్లకు చదవాలనే దాహం లేదని ఎవరైనా అంటే ఈ పడవనూ ఈ భవనాన్నీ చూపించవచ్చు.

ఆ లైబ్రరీలు పుస్తకాలు కొనేవి. ఒక్కో ఊళ్లో పఠన మందిరం వెలిస్తే ఒక్కో ప్రచురణకర్తకు ఒక్కో కాపీ అమ్ముడైనట్టే. 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం వచ్చాక ఇంటిపన్ను మీద గ్రంథాలయ సెస్సు వసూలు చేశారు. తెలుగు పుస్తకానికి ఇంతకంటే గట్టి ఊతం ఎన్నడూ దొరకలేదు.

అద్దెకు ఒక నవల

పండితుల పుస్తకాలకు సమాంతరంగా, పెద్దగా ఎవరూ గౌరవించని ఇంకో బజారు రైల్వే ప్లాట్‌ఫారాల మీద నడిచింది. కొవ్వలి లక్ష్మీనరసింహారావు వెయ్యి దాకా నవలలు రాశారు. కూలీలు, గుమాస్తాలు, చదువు మధ్యలో ఆగిపోయిన ఆడపిల్లలు వాటిని కొని రైల్లో చదివారు, ఇంటికి తెచ్చి పక్కింటికి ఇచ్చారు. జంపన చంద్రశేఖరరావు, ఆ తర్వాత డిటెక్టివ్ యుగంధర్‌ను సృష్టించిన కొమ్మూరి సాంబశివరావు, షాడో మధుబాబు అదే దారిలో వచ్చారు. అక్షరాలు కూడబలుక్కునే లక్షలమందికి వేగంగా చదవడం అలవాటు చేసింది ఈ రచయితలే. తెలుగు సాహిత్య చరిత్ర వాళ్లకు రెండు వాక్యాలు కేటాయించి ముందుకెళ్లిపోవడం అన్యాయం.

మచిలీపట్నంలో ఎం. శేషాచలం అండ్ కంపెనీ బడి పుస్తకాల వ్యాపారంలో నిలదొక్కుకున్న సంస్థ. అక్కడినుంచే ‘ఎమెస్కో’ పాకెట్ పుస్తకాలు వచ్చాయి, ఇంటింటా గ్రంథాలయం పథకం వచ్చింది. యద్దనపూడి సులోచనారాణి నవలలు జేబులో పట్టే సైజులో రావడంతో పుస్తకం వంటింటి అలమరాలోకి, తలగడ కిందికి చేరింది. ఆరుద్ర ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ సంపుటాలను 1960లలో వేసింది కూడా ఆ సంస్థే. బడి వాచకం మీద వచ్చిన లాభం ఒక సాహిత్య చరిత్రను అచ్చువేయించింది.

1960ల నుంచి 1990ల దాకా తెలుగు ఊళ్లలో నిజమైన పుస్తకాల షాపు అద్దె పుస్తకాల షాపే. కిళ్లీకొట్టు అంత జాగా. గోడలనిండా నవలలు. అట్ట చిరిగిపోకుండా ప్రతిదానికీ గట్టి బైండింగు, వెన్ను మీద సిరాతో నంబరు. కొంత డిపాజిట్ కట్టి, రోజుకింత అద్దె ఇచ్చి తీసుకెళ్లాలి. ఇంట్లో ఆడవాళ్లు చీటీ రాసి పిల్లల్ని పంపేవారు. ఆ చీటీలో మాదిరెడ్డి సులోచన, అరికెపూడి కౌసల్యాదేవి, యద్దనపూడి, యండమూరి, మల్లాది. అద్దె ఆదా అవుతుందని ఒకే రాత్రిలో నవల పూర్తిచేసిన వాళ్లుండేవారు. షాపువాడికి ఎవరికి ఏ నవల నచ్చుతుందో తెలుసు, ఎవరు ఏది చదివేశారో తెలుసు. కొత్త నవల వస్తే ఒక్కో అద్దె షాపూ రెండు మూడు కాపీలు కొనేది. రాష్ట్రమంతా కలిపితే ఒక ముద్రణ అద్దె షాపులతోనే చెల్లిపోయేది.

కొనే స్తోమత లేనివాళ్లకు వారపత్రికలు ఉండేవి. సీరియల్ పేజీలు వారం వారం చింపి దాచి, పూర్తయ్యాక బైండు చేయించుకున్న ఇళ్లు లెక్కలేనన్ని. ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో వస్తున్న రోజుల్లో ఆ పత్రిక కోసం ఎదురుచూసిన తరం ఇప్పటికీ ఉంది. ఆదివారాలు అబిడ్స్‌లో, మూసిన దుకాణాల ముందు ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో అలాంటి బైండ్లు ఇప్పటికీ దొరుకుతుంటాయి. మధ్యలో వంటల పేజీ, వెనక సబ్బు ప్రకటన, అంచున ఒక గృహిణి చేతిరాత.

ఏలూరు రోడ్డు

విజయవాడ ఏలూరు రోడ్డుకు కారల్ మార్క్స్ రోడ్డు అని ఇంకో పేరు. ఆ పేరుకూ పుస్తకాలకూ సంబంధం ఉంది. విశాలాంధ్ర, ప్రజాశక్తి, నవోదయ ఆ రోడ్డు మీద పాఠకులకు గుర్తులు. 1950లలో మొదలైన విశాలాంధ్ర ప్రచురణాలయం కమ్యూనిస్టు పార్టీ కార్యకర్తల చేతుల మీదుగా పుస్తకాన్ని పల్లెలకు చేర్చింది. సభ జరిగితే పక్కన పుస్తకాల బల్ల, జాతర జరిగితే వ్యాను. మాస్కోలో తెలుగులోకి అనువాదమై, అక్కడే నాణ్యమైన కాగితం మీద అచ్చయిన పుస్తకాలు ఇక్కడ కారుచౌకగా దొరికేవి. ఉప్పల లక్ష్మణరావు, రాళ్లభండి వెంకటేశ్వరరావు లాంటి అనువాదకులు అక్కడ ఉండి పనిచేశారు. రంగు బొమ్మల పిల్లల కథలు, టాల్‌స్టాయ్, చెహోవ్, భౌతికశాస్త్రం. ఏ సిద్ధాంతంతోనూ సంబంధం లేని ఇళ్లలో కూడా ఆ పుస్తకాలు చేరాయి.

1980లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వచ్చింది. అలెక్స్ హేలీ ‘రూట్స్’కు సహవాసి చేసిన అనువాదం ‘ఏడుతరాలు’ కార్యకర్తల సంచుల్లో ఊరూరా తిరిగింది. రంగనాయకమ్మ తన పుస్తకాలను స్వీట్‌హోం పబ్లికేషన్స్ పేరుతో తానే వేసుకుని, అంత లావు పుస్తకాలకు అంత తక్కువ ధర ఎలా సాధ్యమని పాఠకులు ఆశ్చర్యపోయేలా అమ్మారు.

అలా 1980ల చివరికి పరిస్థితి బాగానే కనిపించింది. 1989లో విజయవాడ పుస్తక మహోత్సవం మొదలైంది. కొత్త సంవత్సరం రోజున పుస్తకాలు కొనడం చాలా కుటుంబాలకు అలవాటయింది.

ఒక్కొక్కరే తప్పుకున్నారు

మొదట తప్పుకున్నది బడి పుస్తకం. పాఠ్యపుస్తకాలను ప్రభుత్వం తన చేతుల్లోకి తీసుకున్నాక షాపులకు గైడ్లు, నోటుపుస్తకాలు మిగిలాయి. కార్పొరేటు విద్యాసంస్థలు తమ మెటీరియల్ తామే అచ్చువేసి క్యాంపస్‌లోనే ఇవ్వడం మొదలెట్టాక బడులు తెరిచే జూన్ నెల బేరాలు కూడా తగ్గాయి. జూన్‌లో వచ్చిన లాభంతో ఏడాదంతా కవిత్వాన్ని అరలో ఉంచుకునే వెసులుబాటు పోయింది.

1991లో సోవియట్ యూనియన్ కూలింది, మాస్కో పుస్తకాలు ఆగిపోయాయి. 1995లో ఈటీవీ, జెమినీ ప్రసారాలు మొదలయ్యాయి. నవల చదివే మధ్యాహ్నం డైలీ సీరియల్ చూసే మధ్యాహ్నం అయింది. అద్దె షాపులు కొన్ని వీడియో క్యాసెట్ల షాపులయ్యాయి, తర్వాత సీడీల షాపులు, ఆ తర్వాత సెల్ రీఛార్జి కొట్లు. రాష్ట్ర విభజన తర్వాత విశాలాంధ్ర, ప్రజాశక్తి సంస్థల తెలంగాణ శాఖలు నవచేతన, నవతెలంగాణ పేర్లతో వేరుపడ్డాయి. పార్టీల బలం తగ్గినకొద్దీ పల్లెకు పుస్తకం మోసే కార్యకర్తా తగ్గాడు.

అన్నిటికంటే పెద్ద దెబ్బ లైబ్రరీల నుంచి వచ్చింది. సెస్సు ఇప్పటికీ ఇంటిపన్నుతో కలిపి వసూలవుతోంది. వసూలు చేసిన స్థానిక సంస్థలు దాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థలకు సరిగా జమచేయడం లేదన్నది దశాబ్దాల ఫిర్యాదు. జమయిన దానిలోనూ జీతాలకు, నిర్వహణకు పోగా కొత్త పుస్తకాలకు మిగిలేది స్వల్పం. పోటీపరీక్షల కుర్రాళ్లు తమ పుస్తకాలు తామే తెచ్చుకుని లైబ్రరీ బల్లల దగ్గర చదువుకుంటున్నారు. ఆ కుర్రాళ్లకు ఆ చోటు కావాలి, అందులో తప్పేమీ లేదు. కానీ వాళ్ల వెనకున్న బీరువాల్లో ఈ ఇరవై ఏళ్ల తెలుగు సాహిత్యం ఎంత ఉందో వెతికితే దిగులేస్తుంది.

ఇక మిగిలింది ఒక్కడు: సొంత డబ్బుతో కొనే పాఠకుడు. అతడి దగ్గరికి పుస్తకం వెళ్లే దారి ఇరుకు. చాలామంది తెలుగు రచయితలు తమ పుస్తకం తామే వేసుకుంటున్నారు. షాపు కమిషన్ 40 శాతం దాకా ఉంటుంది. అమ్ముడయ్యాక లెక్క కట్టి ఇస్తామన్న డబ్బు చాలాసార్లు రాదు. షాపువాణ్ని అడిగితే అద్దె, కరెంటు, కదలని పుస్తకాలు చూపిస్తాడు. ఇద్దరి మాటా నిజమే. పుస్తకం మీద జీఎస్టీ లేదు గానీ కాగితం మీద ఉంది, అది ధరలోకే చేరుతుంది. 2024 డిసెంబరులో తపాలా శాఖ తక్కువ ఖర్చుతో పుస్తకాలు పంపే రిజిస్టర్డ్ ప్రింటెడ్ బుక్స్ సేవను ఆపేసింది. చిన్న ప్రచురణకర్తలు గగ్గోలు పెట్టారు. 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ వచ్చింది. 300 గ్రాముల లోపు 20 రూపాయలు, 5 కిలోలకు 100 రూపాయలు. ఇది నిలవాలి, ఎక్కువమందికి తెలియాలి.

కేరళ వైపు ఒకసారి చూడాలి. 1945లోనే కొట్టాయంలో మలయాళ రచయితలు సొంతంగా సహకార సంఘం పెట్టుకుని, నేషనల్ బుక్ స్టాల్ పేరుతో షాపులు తెరిచారు. రచన, అచ్చు, అమ్మకం ఒకే చేతిలో ఉంచుకున్నారు. 2011 జనగణన ప్రకారం మలయాళం మాతృభాషగా ఉన్నవాళ్లు దాదాపు మూడున్నర కోట్లు, తెలుగు వాళ్లు ఎనిమిది కోట్ల పైచిలుకు. సంఖ్య మనవైపే ఉంది. లేనిది అమ్మకం ఏర్పాటు.

చదివేవాళ్లు ఎక్కడికీ పోలేదు. డిసెంబరులో హైదరాబాద్ పుస్తక ప్రదర్శనకూ జనవరిలో విజయవాడ మహోత్సవానికీ వచ్చే జనాన్ని చూసినవాళ్లెవరూ ఆ మాట అనలేరు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక కుర్రాడు తన తొలి నవల గురించి చెప్పుకుని కొన్ని వందల కాపీలు అమ్ముకుంటున్నాడు. అమెరికాలో స్థిరపడ్డవాళ్లు సెలవులకు వచ్చినప్పుడు హైదరాబాదులో కాచిగూడ నవోదయ పుస్తకాల షాపుకు వెళ్లి పెట్టె నింపుకుపోతున్నారు. కొరత ఉన్నది ఆ పుస్తకాల జాతరలు ముగిశాక వచ్చే మిగతా ఏడాదికి. కరీంనగర్‌లోనో, కడపలోనో, శ్రీకాకుళంలోనో ఇంటర్ చదివే పిల్ల సాయంత్రం నడిచి వెళ్లి, పేరు కూడా తెలియని ఒక పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని, నాలుగు పేజీలు తిరగేసి కొనుక్కునే చోటు కావాలి. పేరు తెలిసిన పుస్తకాన్ని వెతికిపెట్టడం ఆన్‌లైన్‌కు బాగా వచ్చు. పేరు తెలియని పుస్తకం షాపులోనే దొరుకుతుంది.

మీ ఊళ్లో తెలుగు పుస్తకాల షాపు ఇంకా తెరిచి ఉంటే ఈ నెల ఒకసారి వెళ్లండి. ఒక పుస్తకం కొనండి, లేనిది తెప్పించమని చెప్పి ఫోన్ నంబరు ఇచ్చి రండి. పిల్లలు వెంట ఉంటే వాళ్లను తొందరపెట్టకండి. ఇంటిపన్ను రసీదు తీసి గ్రంథాలయ సెస్సు కింద ఎంత కట్టారో చూడండి. ఆ డబ్బుతో ఈ ఏడాది ఎన్ని కొత్త తెలుగు పుస్తకాలు కొన్నారో మీ జిల్లా గ్రంథాలయ సంస్థను రాతపూర్వకంగా అడగండి.